జానెడు కడ్డీ

"యాంటెన్నా కుదరడం లేదు, మీటరు ముల్లు మూడు దాటుతోందమ్మా. ఇలాగే మాట్లాడితే రేడియో కాలిపోతుంది," అంది కూతురు. తండ్రి పోయిన కబురు ఆయనతో రేడియోలో మాట్లాడే స్నేహితులకు తనే చెప్పాలని ఆయన సెట్టు ముందు కూర్చుంది.

తల్లి డాబా మీదకు వెళ్లింది. కాసేపటికి ముల్లు దానంతటదే ఒకటిన్నరకు దిగింది.

కూతురు పైకి పరుగెత్తింది. తాళ్లేవీ కట్టకుండానే నిలబడుతుందని తండ్రి మురిసిపోయిన యాంటెన్నా పక్కన, తల్లి ఎండలో నిలబడి ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"ఆయన మాట్లాడినంతసేపూ నేనిక్కడే ఉండాలి. పదకొండేళ్లుగా ఇంతే. కదిలితే కిందనుంచి కేకలు."

"దీన్ని కోసి పొడవు సరిచేసిన రోజున ఎక్కడున్నావు?"

"ఇక్కడే. నేను పట్టుకుంటే ఆయన కోశారు."

"మనిషి పక్కనుంటే కొలత తప్పి, కడ్డీ పొడవెక్కువైనట్టు చూపిస్తుందమ్మా. నిన్ను పెట్టుకుని కొలిచారు, అందుకే ఎక్కువ కోసేశారు. మళ్లీ జానెడు కడ్డీ అతికితే నువ్వు నిలబడే పనే లేదు."

"జానెడేనా?" తల్లి వేళ్లు చాపి చూసుకుంది. "ఆ సంగతి ఆయనకు తెలుసా?"

"తెలీదేమోనమ్మా," అంది కూతురు తల తిప్పుకుని.

ఆరేళ్ల కిందట కూతురు తన ఇంటి మీద యాంటెన్నా కొలుస్తుంటే, పక్కన ఎవరినీ ఉండనివ్వొద్దని ఫోన్లో చెప్పింది ఆయనే.