సూరమ్మ చూసిన వడ్డాణం

"చుక్కల్లో ఓ చుక్కమ్మ, నడుముకు వడ్డాణమెట్టింది..." ఆపైన ఏముందో తాబేలు సూరమ్మకు గుర్తు లేదు. చిన్నప్పుడు మడుగులో అందరూ పాడుకునేవాళ్ళు.

ఇప్పుడామె కళ్ళకు పొర కమ్ముతోంది. ఈ వానాకాలం దాటేసరికి చూపు ఉండదు. అందుకే ఆ చుక్కను, అదే శనిగ్రహాన్ని, ఒక్కసారి చూపించమని కోతి గంగులును బతిమాలింది. అడవిలో దుర్భిణి ఉన్నది వాడి దగ్గరే. పొద్దుగూకింది. పడమటి నుంచి మబ్బు తరుముకొస్తోంది.

"నువ్వుగింజంత ఉందిరా. వణుకుతోంది కూడా" అంది సూరమ్మ, దుర్భిణిలో కన్ను పెట్టి.

"దానికేం అవ్వా, పెద్దది చేస్తా!"

గంగులు కంటి దగ్గరి అద్దం తీసి, ఇంకా పెద్దగా చూపేది బిగించాడు. చుక్క పెద్దదైంది, వణుకూ పెద్దదైంది. అంతకన్నా పెద్దది బిగించాడు. ఈసారి చుక్క పొయ్యి మీది జావలా కుతకుతలాడింది.

సూరమ్మ కన్ను తీసి, మళ్ళీ పెట్టి చూసింది. కళ్ళు అప్పుడే పోయాయా?

అంతలో మడుగు గుర్తొచ్చింది. అడుగు నుంచి చూస్తే, అలలు రేగినప్పుడు చందమామ ఇలాగే చెదిరిపోయేవాడు.

"ఒరే, మనమూ గాలి మడుగు అడుగున ఉన్నాం. నీ అద్దం ఆ అలల్ని కూడా పెద్దవి చేస్తోంది. మొదటి అద్దమే పెట్టు."

"మబ్బొచ్చేస్తోందే అవ్వా! పెద్దదానికే దిక్కు లేదు, చిన్నదేం చూపిస్తుంది?"

"పెట్టి, నోరు మూసుకో."

గంగులు మొదటి అద్దం బిగించేసరికి మబ్బు అంచు చుక్క దాకా వచ్చేసింది. సూరమ్మ కన్ను తియ్యలేదు. గాలి ఒక్క రెప్పపాటు నిలిచింది. చిన్న చుక్క, దాని నడుముకు సన్నటి వడ్డాణం. అంతలోనే అంతా నలుపు.

సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. గంగులు పెద్ద అద్దాలు రెండూ సంచిలో పడేశాడు.

"అవ్వా, మబ్బులు పోయాక నేను కుదురుగా కూర్చుని చూస్తా. ఎలా ఉందో నీకు చెబుతాలే."