మూల ముడి

గల్ఫ్‌లో, ఎయిర్‌పోర్టు పక్కనే ఉండే అజైబాలోని ఆ ఐదంతస్తుల బిల్డింగులో లిఫ్ట్ కిందికి దిగుతూ దిగుతూ మూడో అంతస్తు దాటాక ఆగిపోయింది.

లైటు కూడా పోయింది.

లోపల ఇద్దరే. ఐదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే జిలాని, డాబా మీది గదిలో ఉండే ముసలాయన. ఆరేళ్లుగా ఆ బిల్డింగ్ మెట్లు తుడిచేది ఆ ముసలాయనే. పేరేమిటో జిలాని ఎప్పుడూ అడగలేదు. ఇద్దరి మధ్యా తాళ్లతో బిగించిన అట్టపెట్టె ఒకటి.

జిలాని అలారం నొక్కాడు. తలుపు మీద గుద్దాడు. తన ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉండిపోయింది.

"ఊపిరాడ్డంలే పెద్దాయనా! సచ్చిపోతాండా!"

యాభై ఏళ్ల మనిషి. నల్ల టీషర్ట్ మీద ఇంత పుర్రె బొమ్మ. వణుకు మాత్రం పసిపిల్లాడి వణుకు.

ముసలాయన చీకట్లోనే అతని రెండు చేతులూ పట్టుకుని, రొమ్ము ముందు అడ్డంగా పెట్టించాడు.

"గట్లనే వెట్టుకో సారు. గదువ పైకెత్తు. అరవకు, అరిస్తె ఊపిరి అయిపోతది. ముక్కుతోని పీల్చు."

జిలాని అలాగే చేశాడు. కాసేపటికి దడ తగ్గింది.

"ఇదంతా నీకెట్ల తెల్సు?"

"టెంట్ హౌజ్ల పని జేసిన సారు. మంది తొక్కులాటల ఇట్ల ఊపిరాడనోళ్లను శానా మందిని సూసిన."

కింది నుంచి వాచ్‌మన్ కేక వినిపించింది. "ఆధా ఘంటా సాబ్! మెకానిక్ ఆరహా హై!"

ఈసారి ముసలాయన కంగారుపడ్డాడు.

"అర్ధగంటనా? అయిదున్నరకు నాకు ఫ్లైట్ ఉన్నది సారు. కంపెనీ బండి కింద నిలవడ్డది. నాలుగేండ్ల సంది నా పాస్‌పోర్ట్ ఆళ్ల దగ్గర్నే ఉండె. ఇయ్యాల ఇడిసిన్రు. ఇది తప్పితె మళ్ల ఎప్పుడో ఏమో."

"ఇంట్లో ఏమన్నా అవసరమా?"

"వేములాడ రాజన్న మొక్కున్నది. బిడ్డ పానం కోసం మొక్కిన. బిడ్డ బతికింది, దానికే ఇప్పుడు పిల్లలు. మొక్కే తీరలే. దేవునికని వెట్టుకున్నది వేరేకాడ పోయింది. ఇంకోటి వెట్టబుద్ధి గాలే."

జిలాని సగమే విన్నాడు. గోడలు మళ్లీ దగ్గరికి జరుగుతున్నట్టుంది అతనికి.

"ఏదన్న ముచ్చట జెప్పు సారు. పానం తేలికైతది."

జిలాని దగ్గర ఉన్నది ఒకటే ముచ్చట. ఎత్తుకున్నాడంటే భార్య షైస్తా వంటింట్లోకి పారిపోయే ముచ్చట.

"తొంభై ఆర్లో, హైదరాబాద్‌లో సదువుకునేటప్పుడు, మెటల్ షో పెట్టినారు. గిటార్లు, డ్రమ్ములు, సెవులు పగిలే మ్యూజిక్. తలలు ఊపీ ఊపీ మెడలు పట్టేసినాయి. రెండో పాటకే ముందున్న కంచె కూలిపాయ. వెనకున్నోళ్లంతా మీద పన్యారు. నేను మధ్యలో ఇరుక్కున్యా. ఇరుకు జాగా అంటే అప్పట్నుంచే నాకీ భయం."

"ఎట్ల బైటవడ్డవు మరి?"

"ఆ బ్యాండ్ గిటారిస్టే స్టేజీ మీంచి దూకి నన్ను పైకి లాగినాడు! నడుం దాకా జుట్టు. నా చెయ్యి తెగి రక్తం కారతాంటే, తలకు సుట్టుకున్న గుడ్డ తీసి కట్టినాడు. మొగం సూల్లా, ఆ జుట్టే సూసినా. కట్టి మళ్లా మందిలోకి దూకినాడు. ఆయప్ప లేకుంటే నేను లేను."

ముసలాయన చీకట్లో ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

"ఆ గుడ్డ ఉన్నదా సారు?"

"ఫ్రేము కట్టించి పెట్టుకున్యా. ప్రాణం పోయినా ఎవురికీ ఇయ్యను."

"మూలకున్న ముడి ఇప్పినవా?"

"లే. అది ఆయప్ప ఏసుకున్న ముడి. ముట్టనైనా ముట్టలా."

"మంచిది సారు. గట్లనే దాసుకో," అన్నాడు ముసలాయన నెమ్మదిగా.

లైటు వచ్చింది. లిఫ్ట్ కిందికి దిగింది. బయట బండి ఆగకుండా హారన్ కొడుతోంది. ముసలాయన పెట్టె భుజానికెత్తుకుని, గడ్డం పైకెత్తి చూపించి నవ్వుతూ వెళ్లిపోయాడు. జిలాని పెట్టెకు చెయ్యి వెయ్యలేదు, పేరు అప్పుడూ అడగలేదు. కూల్‌డ్రింకులు కొనుక్కుని మెట్ల మీదుగా పైకి పరుగెత్తాడు.

ఐదింటికి వీడియో కాల్. ఆనాటి అభిమానులు పన్నెండు మంది, అందరికీ బట్టతలలూ బొజ్జలూ. ఒకాయన చిరిగిన టికెట్ చూపించాడు, ఇంకొకాయన విరిగిన డ్రమ్ము పుల్ల. ఆ రోజు ప్రత్యేక అతిథి ఆనాటి గిటారిస్టే.

జిలాని ఫ్రేమును కెమెరా ముందు పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్నా, ఇది నీదే!"

గిటారిస్టు కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"నాది కాదు తమ్ముడూ. అబద్ధమెందుకు, కంచె కూలగానే మేం వ్యాన్‌లోకి పరుగెత్తాం. మిమ్మల్ని లాగింది టెంట్ హౌస్ కుర్రాళ్లు. వాళ్లలో ఒకడికి మాకంటే పొడుగు జుట్టు. స్టైలా అని అడిగితే, దేవుడి మొక్కు అన్నాడు."

జిలాని ఫ్రేము వెనక అట్ట ఊడదీశాడు. ముప్పై ఏళ్లుగా బిగుసుకుపోయిన మూల ముడిని పళ్లతో లాగి విప్పాడు.

పసుపు అంటిన రూపాయి బిళ్ల. నాలుగు బియ్యం గింజలు. ముడుపు.

ఫోన్ అందుకుని వాచ్‌మన్‌ను అడిగాడు. "డాబా మీదుండే పెద్దాయన పేరేంది?"

"ఇస్తారి, సాబ్. ఫ్లైట్ ఎక్కేశా అని ఇప్పుడే ఫోన్ చేశాడు."

కిటికీ అద్దాలు అదిరేలా బిల్డింగ్ మీదుగా విమానం వెళ్లింది. జిలాని ముడుపును గుప్పిట్లో బిగించి నిలబడిపోయాడు.

ఆ గుడ్డకు మూలన ముడి ఉందని లిఫ్ట్‌లో తను చెప్పనే లేదు.