దిగబడిన శుక్రవారం

కారు కదల్లేదు.

బాషా ఆక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజను గోల పెట్టింది తప్ప, చక్రాలు ఉన్నచోటే తిరిగి ఇసుకను వెనక్కి చిమ్మాయి. పక్క సీట్లో భార్య రేష్మా డిక్కీ వైపు తిరిగి చూసింది. డిక్కీలో సూట్‌కేసులు, తాళ్ళు బిగించిన రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. రాత్రికి దమ్మాంలో విమానం. తనకూ, రెండో తరగతి చదివే కూతురు ముబష్షిరాకూ సౌదీ విడిచి పోవడానికి ఇచ్చిన ఎగ్జిట్ వీసాకు ఈరోజే ఆఖరు. అది దాటితే జరిమానా, ఆఫీసుల చుట్టూ తిరుగుడు, మొగుడి ఉద్యోగానికే ఎసరు.

"పొయ్యే రోజు ఈ షికార్లెందుకని నెత్తీ నోరూ కొట్టుకుంటి. ఇన్నారా నా మాట?" అంది.

"బిడ్డ మళ్ళా ఎప్పుడు సూస్తాదో ఈ దిబ్బల్ని" అన్నాడు బాషా, ఆమె వైపు చూడకుండా.

జుబైల్‌లో ఉన్న ఇన్నేళ్ళూ వాళ్ళ శుక్రవారాలు ఇక్కడే గడిచాయి. నమాజు కాగానే చాప, టీ ఫ్లాస్కు, బిర్యానీ గిన్నె సర్దుకుని ఊరి బయట ఇసుక దిబ్బలకు వచ్చేవాళ్ళు. పిల్లలు దిబ్బల మీంచి దొర్లేవాళ్ళు. బాషాకు చుట్టూ జనం ఉంటేనే సరదా. పక్క చాప వాళ్ళతో నిమిషంలో చుట్టరికం కలిపేసేవాడు. అలాంటి మనిషి ఈరోజు ఏం పుట్టిందో, తారురోడ్డు దిగి, నరమానవుడు లేని చోటికి తెచ్చి కారు ఆపాడు.

"ఎవురికన్నా ఫోన్ చేయండి."

"శుక్రారం పూట ఎవురొస్తారు? ఉండుమే, నేనే తీస్తా."

మళ్ళీ తొక్కాడు. చక్రాలు ఇంకాస్త కూరుకుపోయాయి. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి ఇసుకలో బండి నడపడం ఏం తెలుస్తుంది?

రేష్మా దిగి చూసింది. నాలుగు టైర్లూ గాలి తగ్గి, మెత్తబడి కింద పరుచుకుని ఉన్నాయి. ముందు టైరు పక్కనే ముబష్షిరా గొంతుక్కూర్చుని ఉంది, చేతుల నిండా ఇసుక. పొద్దున్నుంచీ ఆ పిల్లది ఒకటే పాట. "నాయన్ని ఇడిసిపెట్టి నేను రాను."

గాలి తీసింది ఇదేనేమోనని తల్లికి అనుమానం వచ్చింది. కానీ అడగలేదు. నిజం చెప్పాలంటే, ఈ పని నాకెందుకు తోచలేదా అని కూడా అనిపించింది.

బాషాను కంపెనీ వాళ్ళు ఖఫ్జీ అనే ఊరికి మార్చారు. అక్కడ క్యాంపులో మగవాళ్ళంతా కలిసి ఉండే గది తప్ప కుటుంబానికి చోటు లేదు. సరే, కంపెనీ అట్లా చేసింది. ఈయనకేమైంది? టికెట్లు తనే తీశాడు. పెట్టెలు తనే కట్టాడు. వాటి మీద ప్రొద్దుటూరు అడ్రసు తనే పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. "ఊర్లో హాయిగా ఉంటార్లే" అన్నాడు. మీరు లేకుండా నేనెట్ల ఉండాల అని, ఉత్తుత్తికైనా ఒక్కసారి అనలేదు. ఆ ఒక్క మాట కోసమే ఆమె ఇన్నాళ్ళూ కాచుకుని ఉంది. బస్సులో పార్సిల్ వేసినట్టు వేస్తున్నాడు.

ఎటు చూసినా ఇసుకే. వెనక్కి పోదామంటే ఇల్లు ఖాళీ చేసి తాళం అప్పజెప్పేశారు. ముందుకు పోదామంటే కారు కదలదు.

దూరంగా ఒక పికప్ బండి దుమ్ము లేపుకుంటూ పోతోంది. బాషా తలెత్తకుండా చేతులతో ఇసుక తవ్వుతూనే ఉన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. పంపించాలని అంత ఆరాటంగా ఉంటే, పోతాం! కారులో ఉన్న దుప్పటి లాగి రెండు చేతులతో ఊపింది.

బండిలోంచి ఒక సౌదీ ముసలాయన దిగాడు. టైర్ల చుట్టూ తిరిగి చూశాడు. గాలి తీసింది ఎవరని వచ్చీరాని హిందీలో అడిగాడు.

బాషా చేతులకంటిన ఇసుక దులుపుకున్నాడు. ముబష్షిరా తల్లి వెనక దాక్కుంది.

"మాషా అల్లా! తీసినవాళ్ళకు ఇసుక సంగతి బాగా తెలుసు" అన్నాడాయన. టైర్ల నిండా గాలి ఉంటే బండి కడుపు దాకా దిగిపోయేదట. గాలి తగ్గితేనే ఇసుక మీద తేలుతుందట. గట్టిగా తొక్కడమే తప్పట.

ఆయన చక్రాల ముందు ఇసుక పక్కకు తోసి, స్టీరింగ్ పట్టుకుని మెల్లగా పోనిచ్చాడు. బురదలోంచి బర్రె లేచినట్టు కారు బద్ధకంగా లేచి గట్టి నేల మీదికి వచ్చేసింది. తన బండిలోని పంపు తెచ్చి టైర్లకు గాలి పట్టాడు. గాలి పట్టే చోట బిగించే చిన్న మూతలు నాలుగూ లేవు. అవేవని అడిగాడు.

"ఇసకలో పడిపోయుంటాయి" అన్నాడు బాషా.

"మాఫీ ముష్కిల్, ఏం పరవాలేదు" అని చెయ్యూపి ముసలాయన వెళ్ళిపోయాడు.

కారు దమ్మాం దారి పట్టింది. రేష్మా వెనక సీట్లో కూతురి తల నిమిరి, "నాయనకు చెప్పన్లే" అంది గుసగుసగా.

"ఏందిమా?" అంది ముబష్షిరా.

గడుసుది, ఎంత బాగా దాస్తోందో అనుకుంది తల్లి.

ఎయిర్‌పోర్టులో వాళ్ళ విమానానికి కౌంటర్ మూసే వేళయింది. బాషా ట్రాలీని పరుగులాంటి నడకతో తోశాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇసక పడింది" అన్నాడు, ఆమె అడగకముందే.

రేష్మా ఆగింది. ఆఖరిసారి అడిగి చూద్దామనుకుంది.

"ఏమన్నా చెప్పేదుందా?"

"జాగర్తగా పోండి."

అంతే. ఆమె పాస్‌పోర్టుల కోసం చెయ్యి చాపింది.

బాషా ప్యాంటు జేబులోంచి పాస్‌పోర్టులు లాగాడు. వాటితో పాటు నాలుగు నల్లటి టైరు మూతలు జారి ఆమె కాళ్ళ దగ్గర దొర్లాయి.