గొడుగు బొమ్మ

"చెప్పరా! పోలీసులకి ఉప్పందించింది నువ్వేగా?"

యజమాని చేతిలోని ఇనప రాడ్డు అతని డ్రైవర్ మోకాలి మీద పడింది. కుర్చీకి కట్టేసి ఉన్నాడు, అరవడం తప్ప ఏం చెయ్యగలడు! యజమాని నడిపే దొంగ లోన్ల సైట్లన్నీ ఒక్క పూటలో మూతపడ్డాయి. ద్రోహి ఎవరో తేలాలి. తేలకపోయినా సరే, ఎవడో ఒకడు చావాలి. ఆయన లెక్క అంతే.

"నా పిల్లల మీద ఒట్టన్నా, నాకేం తెలీదు!"

"నీ ఒట్టు ఎవడిక్కావాల్రా?" రాడ్డు మళ్ళీ లేచింది. ఈసారి గురి తలకి.

ఆ సైట్లు తయారు చేసింది యజమాని బావమరిది. ఇక ఉండబట్టలేకపోయాడు. "ఆగు బావా, చచ్చిపోతాడు! తప్పు నాది."

"ఏంట్రా వాగుతున్నావ్?"

"సైటు తెరిస్తే పైన పేరు పక్కన చిన్న బొమ్మ ఉంటుంది కదా. పేర్లు మార్చాను, రంగులు మార్చాను. ఆ గొడుగు బొమ్మ మాత్రం బద్ధకించి అన్నిటికీ ఒకటే పెట్టాను. బొమ్మకి వేలిముద్ర లాంటి నంబరుంటుంది బావా. నిఘా వాళ్ళకి ఒక్క సైటు దొరికితే చాలు, ఆ నంబరుతో వెతికి మిగతావన్నీ లాగేస్తారు."

యజమాని వాడి ఎడమ చెయ్యి బల్ల మీద అదిమిపెట్టి రాడ్డుతో ఒక్కటిచ్చాడు. వేళ్ళు పటుక్కుమన్నాయి. పాపం, వాడు గావుకేక పెట్టాడు.

కేక విని యజమాని భార్య పరుగెత్తుకొచ్చింది. "మీకు దణ్ణం పెడతాను, నా తమ్ముణ్ణి వదిలెయ్యండి!" జుట్టు పట్టుకుని ఆమెను గోడకేసి కొట్టాడు ఆ రాక్షసుడు. పెదవి చిట్లి నెత్తురు కారింది.

"రెండో చెయ్యి బాగానే ఉందిగా? వెతకరా! ఆ గొడుగు ఇంకెక్కడైనా మిగిలి తగలడిందేమో!"

బావమరిది కుడిచేత్తో లాప్‌టాప్‌లో నంబరు కొట్టాడు. ఒక్క సైటు కనిపించింది.

"అక్క కుట్టుపని సైటు బావా... కింద ఈ ఇంటి అడ్రసుంది. కానీ దీనికి నేను పువ్వు బొమ్మ కదా పెట్టాను!"

"ఒరే దరిద్రుడా, ఏకంగా ఇంటికే దారి చూపించావట్రా!"

రాడ్డు బావమరిది తల మీదికి లేచింది. అంతలో వీధి తలుపు దబదబ మోగింది. "పోలీస్! తలుపు తియ్యండి!"

యజమాని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భార్య మాత్రం గోడ పట్టుకుని లేచి, తూలుకుంటూ తలుపు దగ్గరికి నడిచింది.

"ఆ నంబరు సంగతి నువ్వోసారి చెప్పావుగా, బొమ్మ మార్చింది నేన్రా తమ్ముడూ. వీళ్ళకి మనిల్లు దొరకాలిగా మరి," అంటూ గడియ తీసింది.