మట్టయ్య చెప్పిన సినిమా

“బాపూ, డ్రాగన్ సినిమా వస్తుంది!”

మూడు వారాల తర్వాత కూతుర్ని చూద్దామని వచ్చిన సక్రుకు దొరికిన మొదటి మాట అది.

ఎట్లున్నవ్ బాపూ అనలేదు. అమ్మ ఎట్లుంది అని అడగలేదు.

సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టల్ అది. తల్లిదండ్రులను ఆదివారాలే రానిస్తారు. సక్రుది మోతె దగ్గర తండా. మఠంపల్లి నుంచి సిమెంటు లారీ తోలుతాడు. ఏ ఆదివారం ఏ ఊళ్ళో తెల్లారుతుందో అతనికే తెలియదు.

“మంటలు కక్కుతది బాపూ. వైకింగులని ఉంటరు. కొమ్ముల టోపీలు పెట్టుకుంటరు. పొద్దుందాక కొట్లాడుడే వాళ్ళ పని.”

“మా ఓనర్ లెక్కనా?”

పూజ పకపకా నవ్వింది. సక్రు అలసట సగం దిగిపోయింది.

“రిలీజ్ కానీ బిడ్డా. నేను సూపిస్త.”

“కథంత నాకెరికే. మట్టయ్య తాత చెప్తుండు.”

“ఇంక రిలీజే కాలె. గాయనకెట్ల ఎరుక?”

“తాతకు అన్నీ ఎరుకే.”

మట్టయ్య అంటే గేటు కాసే ముసలాయన.

సక్రు తెచ్చిన కారప్పూసలో సగం తీసి పూజ వేరే కాగితంలో కట్టింది.

“అది ఎవరికి?”

“తాతకు.”

సక్రుకు కడుపు మండింది. ఎండలో, వానలో లారీ తోలేది తాను. పిల్లకు డ్రాగన్‌ను చూపించినవాడు గేటు ముసలోడు!

తర్వాతి రెండు ఆదివారాలు లోడు మీదే పోయాయి. మూడో ఆదివారం ఉరుకులాడుతూ వచ్చాడు.

గేటు లోపల అరుగు మీద మట్టయ్య. కింద పదిమంది పిల్లలు. ముసలాయన భుజం మీది తువ్వాలను రెక్కల్లా ఊపుతున్నాడు. పూజ నోరు తెరుచుకొని చూస్తోంది.

“పూజా!”

“జర ఆగు బాపూ. అయిపోవచ్చింది.”

ఆగమంది. కన్నతండ్రిని!

స్రవంతి అనే పిల్ల సక్రును చూసి పక్కపిల్ల చెవిలో ఏదో ఊదింది. ఇద్దరూ కిసుక్కుమన్నారు. అందరూ తలలు తిప్పి అతన్నే చూడసాగారు.

ముసలోడు తన మీద ఏదో చెప్పి పిల్లలను నవ్విస్తున్నాడు. సక్రుకు అనుమానం లేదు.

“రా డ్రైవర్ సాబ్, కూసో.” మట్టయ్య లేచి స్టూలు జరిపాడు.

“నిన్ను గేటు కాయనీకి పెట్టిన్రా, కథలు చెప్పనీకి పెట్టిన్రా?”

“గేటు కండ్లతోని కాస్త, కథ నోటితోని చెప్త. రెండిటికి ఒకటే జీతం సాబ్.”

పిల్లలు నవ్వారు. పూజ కూడా నవ్వింది.

సక్రు తిన్నగా వార్డెన్ గదికి నడిచాడు.

“మేడం, ఇది ఆడపిల్లల హాస్టల్. ఆ మనిషి పిల్లలను సుట్టు కూసోబెట్టుకుంటుండు. రేపు ఏమన్నయితే ఎవరు జిమ్మేదారి?”

వార్డెన్ ముఖం మారింది. “ఏమన్న చేసిండా?”

“చేసిందాక ఆగుతరా?”

అంతే. ఆ మాట చాలు.

మట్టయ్య ఏ తప్పూ చేయలేదని సక్రుకు తెలుసు. పదేళ్ళ నుంచి చూస్తున్న వార్డెన్‌కూ తెలుసు. కానీ అలాంటి మాట ఒకసారి పడ్డాక నిలబడేదెవరు? ఔట్‌సోర్సింగ్ మనిషిని తీసేయడానికి నోటీసు కూడా అక్కర్లేదు. ఒక్క ఫోన్ కొట్టారు. ఖతం.

దీన్ని తండ్రి జాగ్రత్త అనకండి. కుళ్ళు. వట్టి కుళ్ళు.

సినిమా రిలీజయింది. సూర్యాపేటలో టికెట్లు దొరకలేదు. సక్రు ఓనర్‌తో కొట్లాడి ఒకరోజు సెలవు పెట్టాడు. కోదాడ పోదామని పూజను తీసుకొని గేటు దాటుతుంటే, కొత్త వాచ్‌మన్ సాయిబాబును పిల్ల ఆపింది.

“అన్నా, మట్టయ్య తాత ఏడున్నడు?”

“మిర్యాలగూడల రైస్ మిల్లుకు పోయిండంట. ఆడపిల్లల హాస్టల్ల ఎందుకు తీసేసిన్రని అడిగి వాళ్ళు వాపస్ పంపిన్రంట. ఇగ ఏడికి పోయిండో.”

“ఎందుకు తీసేసిన్రు?”

“దా బిడ్డా, బస్సు పోతది,” సక్రు చేయి పట్టి లాగాడు.

కోదాడ థియేటర్ పిల్లల అరుపులతో దద్దరిల్లింది. తెర నిండా రెక్కలు, మంటలు, గొడ్డళ్ళు, డ్రాగన్ మీదెక్కి తోలే ఒక పిల్లగాడు. సక్రు తెర చూడలేదు. సినిమా అయ్యేదాకా కూతురి ముఖమే చూశాడు. ఇప్పుడు చూపిస్తున్నది తాను. ఈ సంబరం తనది. వేరే ఎవడిదీ కాదు.

బయటికొచ్చాక అడిగాడు.

“ఎట్లుంది బిడ్డా?”

“మంచిగుంది.”

“మంచిగుంటే మొఖం గట్ల పెట్టినవేంది?”

“ఇది తాత చెప్పిన సినిమా కాదు బాపూ.”

సక్రు ఛాతీ ఉబ్బింది. “నేనప్పుడే అన్న. సూడని సినిమాకు కథ చెప్పిండు. అన్నీ అబద్ధాలే.”

“గట్లనకు.” పూజ చేయి విడిపించుకుంది. “తాత చెప్పిన సినిమాల డ్రాగన్‌ను తోలేది గీ పిల్లగాడు కాదు.”

“మరెవరు?”

“నువ్వే. నువ్వు రాని ఆదివారం నేను గేటు పట్టుకొని ఏడుస్తుంటే, ‘మీ బాపు డ్రాగన్‌ను తోలుకుంట వస్తుండు బిడ్డా, నడుమ సముద్రం అడ్డమొచ్చింది, లేకుంటే ఎప్పుడో వస్తుండె’ అని తాత చెప్తుండె.”