కాలు చెప్పిన నిజం

"ఇసుమంత కూడా తగ్గలేదమ్మా!" అంది పెద్దావిడ, మంచం మీద కాళ్ళు చాపుకుని.

ఫిజియోథెరపిస్టు కంప్యూటర్ వంక చూసి తల పట్టుకుంది. "మీ నోరు ఒకటి చెబుతోంది, కాలు ఇంకోటి చెబుతోంది పిన్నిగారూ!"

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు చర్మం మీద ప్యాడ్లు అంటించి, సన్నగా కరెంటు పంపితే ఎంత ఉపశమనమో తేల్చే పరిశోధన అది. నొప్పి ఎంత తగ్గిందో చూడటానికి చీలమండ దగ్గర చురుక్కుమనేలా చిన్న షాకిస్తారు. కాలు దానంతటదే వెనక్కి ఎగురుతుంది; నొప్పి తగ్గేకొద్దీ ఆ ఎగురూ తగ్గుతుంది. మొదటిరోజు పెద్దావిడ కాలు ఎగిరిన ఎగురుకు పక్కనున్న స్టూలు బోర్లాపడింది. ఇవాళ అదే షాకుకు బొటనవేలు మాత్రం కదిలింది.

"నేనే బిగబట్టుకున్నాను."

"కుదరదండీ. మెదడుకు కబురందేలోపే వెన్నుపాము కాలిని లాగేస్తుంది. అది మన మాట వినదు. అయినా ఇందాక మీరు మెట్లు గబగబా ఎక్కి రావడం నేను చూడలేదనుకున్నారా?"

పెద్దావిడ నాలుక కరుచుకుంది. "ఇంకో నెల వస్తే ఏం పోతుందమ్మా?"

"తగ్గినవాళ్ళకి చికిత్స ఆపేయాలి. బయట ఇరవైమంది ఎదురుచూస్తున్నారు."

ఆవిడ ముఖం వాడిపోయింది. అంతలో తెర అవతలి మంచం మీంచి, అదే చికిత్సకు వచ్చే దర్జీ పెద్దాయన గొంతు వినిపించింది.

"నాకూ తగ్గలేదమ్మా! ఇద్దరికీ కలిపి ఇంకో నెల రాసెయ్యి!"

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

ఫిజియోథెరపిస్టుకు అప్పుడు వెలిగింది. పరిశోధనలో పేర్లుండవు, నంబర్లే. ఈవిడ పదమూడు, ఆయన పద్నాలుగు. రోజూ ఈవిడ వచ్చిన పది నిమిషాలకు ఆయన రావడం, అరగంటసేపు తెరకు అటూ ఇటూ ఒకటే గుసగుసలు, నవ్వులు!

ఆవిడ చెవి దగ్గరికి వంగింది. "సంగతి ఇదా పిన్నిగారూ! మంచిదే. కానీ ఆయనకు భార్య ఉందేమో, కనుక్కున్నారా?"

"ఉండకేం తల్లీ, నేనే!" అంది పెద్దావిడ. "పదకొండుమంది ఉన్న ఇంట్లో, మధ్యలో ఎవరూ పిలవకుండా మా ఆయనతో అరగంట మాట్లాడుకోవాలంటే ఇంకెక్కడికి పోను?"