పర్డీ గారి కిటికీలో డంప్లింగ్

“నేరం ఒప్పేసుకుంటాను తల్లీ. చిన్న జరిమానాతో పోతుందంటున్నారుగా,” అన్నాడు పోస్ట్‌మన్ వాటీ టలక్, చేతిలో టోపీ నలుపుతూ.

“ఒప్పుకుంటే జరిమానాతో పోతుందా? దొంగ చేతికి రేపు ఉత్తరాల సంచీ ఎవరిస్తారు?” అంది అతని లాయరు షీనా లెయిడ్లా. “ఉద్యోగం ఊడుతుంది. కిక్కురుమనకుండా కూచోండి.”

షీనాకి ఇది తొలి కేసు. కార్లోంచి కోర్టు మెట్లదాకా వచ్చేసరికే నల్ల గౌను తడిసి ముద్దయింది. వరండాలో బెంచీ మీద, చంటి మనవరాలిని ఒళ్లో పెట్టుకుని షీనా తల్లి కూచుంది.

“ఇంత వానలో కోటు వేసుకోకుండా వచ్చావేమే?”

“కార్లో ఉండిపోయిందమ్మా. పాలసీసా సంచిలో ఉంది. పాప ఏడిస్తే కబురు పెట్టు. ఏడవకపోయినా పెట్టు.”

“ముందు నీ చేతులు వణక్కుండా చూసుకో.”

వాటీ షీనా వెనకాలే నడిచాడు. “నేను చెయ్యలేదని నువ్వైనా నమ్ముతున్నావా తల్లీ?”

“నమ్మడమేంటి, నాకు తెలుసు.”

“ఎలా?”

“లాయర్ని కదా,” అని చరచరా లోపలికి వెళ్లిపోయింది.

పోయిన చలికాలంలో జరిగిన సంగతి అది. కోర్టు వెనక సందులో ఉండే జెస్సీ పర్డీ, ఎండుద్రాక్షలు దట్టించి గుడ్డలో మూటకట్టి ఉడికించిన డంప్లింగ్‌ని వెండి పళ్లెంలో పెట్టి, ఆరడానికి కిటికీలో ఉంచింది. దాల్చినచెక్క వాసన సందు చివరిదాకా కొట్టింది. ఎవరో పళ్లెంతో సహా ఎత్తుకుపోయారు. ఎర్ర రెయిన్‌కోటు, ముందుకొచ్చిన పొట్ట అని ఆవిడ పోలీసులకి ఆనవాళ్లు చెప్పింది. వాటీకి రెండూ ఉన్నాయి. పైగా అతని సంచీ దులిపితే ఎండుద్రాక్షలు రాలాయి. అవి మా ఆవిడ చేసిన బన్నులోవని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. మర్నాడు పొద్దున పళ్లెం తళతళా కడిగి పర్డీ గుమ్మంలో ఉంది. అయినా కేసు ఆగలేదు.

“మన చట్టానికి ఒక్క సాక్ష్యం చాలదు, రెండుండాలి. నా దగ్గర రెండున్నాయి,” అన్నాడు ప్రభుత్వ లాయరు ఇమ్రీ, షీనా పక్కగా వంగి. “ఎండుద్రాక్షలొకటి, పర్డీ గారి వేలొకటి. ఆవిడ వేలు చూపించిందంటే నీ మనిషి పని అయిపోయినట్టే.”

“వేలు అటే వెళ్తుందని ఏముంది?”

“బోనులో ఉన్నది అతనొక్కడే కదమ్మా. ఇంకెటు వెళ్తుంది?”

జడ్జిగా కూచున్న షెరీఫ్ డన్‌బార్ లేచి నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి పర్డీ చేత స్వయంగా ప్రమాణం చేయించాడు. ఆవిడ గట్టిగా పలికింది, ఆయనకి చెవుడేమో అన్నట్టు.

“ఆ రోజు మీరు చూసిన మనిషి ఈ గదిలో ఉంటే చూపించండి,” అన్నాడు ఇమ్రీ.

వాటీకి ఉన్నది ఒకే కోటు. అదే వేసుకొచ్చాడు. పర్డీ కళ్లు చికిలించి బోనులో ఎర్రగా కనబడిన దానివైపు వేలెత్తబోయింది. వాటీ కళ్లు మూసుకున్నాడు.

షీనా లేచింది. “మైలార్డ్, సాక్షి ఆ రోజు కళ్లజోడు పెట్టుకున్నారో లేదో అడగండి.”

“పెట్టుకోకపోతే డంప్లింగ్ ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?” అంది పర్డీ.

“అయితే ఇప్పుడూ పెట్టుకోమనండి. గదిలో అందర్నీ ఒకసారి చూడమనండి.” షీనా చేతులు గౌనులో దాచుకుంది. తొలి కేసు భయం చూసి ఇమ్రీ జాలిగా నవ్వాడు.

పర్డీ చేతిసంచి వెతికి కళ్లజోడు తీసింది. తుడిచింది. మళ్లీ తుడిచింది. ఇమ్రీని పైకీ కిందకీ చూసి, “ఇతను కాదు, తిండి లేదు,” అంది. వాటీ దగ్గర ఆగింది. “పోలీసులు నువ్వేనన్నారు, నేనూ సరేనన్నాను. కానీ వాటీ, ఆ ముక్కు ఇది కాదు.” తరవాత వేలు గదంతా తిరిగి ఒకచోట ఆగింది.

“అదిగో. ఆ పిల్ల.”

గది గదంతా గొల్లున నవ్వింది.

“పర్డీ గారూ, ఆవిడ లాయరు,” అన్నాడు షెరీఫ్.

“లాయర్లకి ఆకలుండదా నాయనా?”

“మరి పొట్టేదమ్మా?” అన్నాడు ఇమ్రీ.

“నన్నడుగుతావేం? ఆ పిల్లనే అడుగు. ఇంకో మాట. నా పళ్లెం అంత శుభ్రంగా కడిగింది మగాడైతే కాదు. నేనూ కాపరం చేశాను, నాకు తెలీదా?”

కోర్టు గుమస్తా నవ్వాపుకోలేక కాయితాల్లో తల దూర్చేశాడు. అందరితోపాటు షీనా కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

షెరీఫ్ కళ్లు తుడుచుకున్నాడు. “ఇమ్రీ గారూ, మీకిక మిగిలింది నాలుగు ఎండుద్రాక్షలు. వాటితో బన్ను అవుతుందేమో గానీ కేసవదు. టలక్, నువ్వింటికి వెళ్లొచ్చు.”

వరండాలో వాటీ షీనా చేతులు పట్టుకుని వదల్లేదు. “ఆవిడకి కళ్లజోడు పెట్టించావు చూడూ, అదీ తెలివంటే. ఫీజెంత తల్లీ?”

“ఏం వద్దు. పదండి, మీ ఉత్తరాలు తడిసిపోతాయి.”

“పొట్ట దొరికితే చెప్పు షీనా,” అంటూ ఇమ్రీ ఇంకా నవ్వుతూనే మెట్లు దిగాడు.

షీనా పాపని భుజాన వేసుకుని తల్లితో కలిసి వానలో కారు దగ్గరికి పరుగెత్తింది. పాప చినుకుల్ని చూసి కిలకిలలాడింది.

“పొద్దుట్నుంచీ ఇదే నవ్వు, ఏడవనే లేదు,” అంది తల్లి. “ఇది కడుపులో ఉండగా ఏం తిన్నావే?”

“డంప్లింగ్,” అంది షీనా, డిక్కీలోంచి ఎర్ర రెయిన్‌కోటు తీసి పాపకి కప్పుతూ.